కరీబియన్ దీవులకు తక్కువ ధరలో ఫ్లైట్ టికెట్: మొదటి సెర్చ్ నుంచి బోర్డింగ్ దాకా

కరీబియన్ టికెట్ల మీద డబ్బు ఎక్కువ పోవడానికి ముఖ్య కారణం వెతికే వరుస తప్పడం. చాలామంది ముందు దీవిని ఖాయం చేసుకుంటారు, తర్వాత సెలవు పెడతారు, ఆ తర్వాత హోటల్ బుక్ చేస్తారు. ఫ్లైట్ చివర్లో చూస్తారు. అప్పటికి ఎంత చెబితే అంత కట్టడం తప్ప దారి ఉండదు.

ఈ గైడ్‌లో వరుస మారుతుంది. ముందు నెల, తర్వాత దీవి, తర్వాత బయల్దేరే ఎయిర్‌పోర్ట్, ఆ తర్వాతే తేదీలు. హోటల్ అన్నిటికన్నా చివర. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా నుంచి బయల్దేరేవారికి సరిపోతాయి. యూరప్ వైపు నుంచో, ఆసియా వైపు నుంచో వచ్చేవారు 9వ భాగం చదివాకే టికెట్ కొనండి.

## 1. సెర్చ్ బాక్స్ తెరవకముందు తేల్చుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. ఐదు నిమిషాల పని.

- మొత్తం ఎన్ని రాత్రులు? ఒకటి రెండు అటూ ఇటూ జరిపే వీలుందా?
- ఏయే వారాలు అస్సలు కుదరవు?
- మనిషికి ఎంత సామాను? భుజాన వేసుకునే బ్యాగు చాలా, క్యాబిన్ సూట్‌కేసు కావాలా, చెక్-ఇన్ బ్యాగు ఉంటుందా?
- రెండు గంటల డ్రైవ్‌లో ఎన్ని ఎయిర్‌పోర్ట్‌లు ఉన్నాయి?
- అందరి పాస్‌పోర్ట్‌ల గడువు ఎప్పటిదాకా ఉంది?
- ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా మనిషికి ఎంత పెట్టగలరు?

చివరి ప్రశ్నే అసలుది. టికెట్ ధర ఒక్కటే చూసి "చవక" అనుకుంటే కరీబియన్‌లో దెబ్బతింటారు. దిగిన ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి టాక్సీ, ఫెర్రీ, చిన్న విమానం ఖర్చు కొన్నిసార్లు అసలు టికెట్‌తో పోటీపడుతుంది.

అమెరికాలో వీసా మీద ఉంటున్నవారు ఇంకొకటి చూసుకోవాలి. ప్యూర్టోరికో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ అమెరికా భూభాగాలే. అక్కడికి నేరుగా వెళ్లి నేరుగా వస్తే దేశం దాటినట్టు కాదు. మిగతా ఏ దీవికి వెళ్లినా దాటినట్టే. పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపు గడువు తీరి ఉంటే, తిరిగి రాగలరో లేదో తేలాకే ధరలు చూడండి. హెచ్-1బి వారికి కెనడా, మెక్సికో ప్రయాణాలకు ఉన్న ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ (గడువు తీరిన వీసా స్టాంపుతోనే తిరిగి రానిచ్చే) సౌకర్యం కరీబియన్ దీవులకు వర్తించదు. ఎంత చవక టికెట్ అయినా ఈ ఒక్క కారణంతో పనికిరాకుండా పోవచ్చు.

## 2. నెల ఎంచుకోండి

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా పీక్ సీజన్. ఉత్తర అమెరికాలో చలి ముదిరినకొద్దీ దీవుల టికెట్లు వేడెక్కుతాయి. అందులోనూ క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం, మార్చిలో స్ప్రింగ్ బ్రేక్, ఈస్టర్ వారం. ఈ నాలుగింటిలో చవక టికెట్ కోసం గంటలు ధారపోయడం దండగ.

మంచి బేరాలు దొరికే వారాలు మూడు చోట్ల ఉంటాయి.

- ఈస్టర్ తర్వాత నుంచి మే చివరి దాకా. వాతావరణం బాగుంటుంది, తుఫాను సీజన్ ఇంకా మొదలుకాదు. ధర, వాతావరణం రెండూ కలిసొచ్చేది ఇక్కడే. మెమోరియల్ డే వారాంతం మాత్రం వదిలేయండి.
- థ్యాంక్స్‌గివింగ్ అయ్యాక, క్రిస్మస్ రద్దీకి ముందు. అంటే డిసెంబర్ మొదటి రెండు వారాలు. చాలామంది గమనించని సమయం ఇది.
- ఆగస్టు చివర నుంచి నవంబర్ మొదటి వారం దాకా. అన్నిటికన్నా చవక. కారణం అందరికీ తెలిసిందే: తుఫానులు.

అట్లాంటిక్ తుఫాను సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. సెప్టెంబర్ 10 చుట్టుపక్కల అది తారస్థాయిలో ఉంటుంది. ఆ నెలల్లో వెళ్లాలనుకుంటే అరూబా, బొనేర్, కురసావ్ వైపు చూడండి. వెనెజులా తీరానికి దగ్గరగా ఉండే ఈ మూడూ తుఫానుల మామూలు దారికి దక్షిణాన ఉంటాయి. ట్రినిడాడ్ కూడా అంతే. గ్రెనడాని కూడా ఈ జాబితాలో కలిపి చెప్పేవారు ఉన్నారు కానీ, 2004లో ఐవన్, 2024లో బెరిల్ తుఫానులు ఆ దేశాన్ని ఎలా చితక్కొట్టాయో చూశాక ఆ మాట నమ్మి డబ్బు పెట్టకూడదు.

సీజన్‌లో కొనేవారు ప్రయాణ బీమా టికెట్ కొన్న రోజే తీసుకోవాలి. తుఫానుకి పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుఫాను నష్టానికి వర్తించదు.

స్థానిక పండుగలూ చూసుకోండి. యాష్ వెడ్నెస్‌డేకి (ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యే బుధవారం) ముందు సోమ, మంగళవారాల్లో ట్రినిడాడ్ కార్నివాల్ జరుగుతుంది. ఆగస్టు మొదట్లో బార్బడోస్‌లో క్రాప్ ఓవర్ ముగింపు ఉత్సవాలు ఉంటాయి. ఆ వారాల్లో ఆ దీవుల టికెట్లకి ఆఫ్ సీజన్ సూత్రం పనిచేయదు.

## 3. దీవి: పెద్ద ఎయిర్‌పోర్ట్ ఉన్నచోట దిగండి

ఎయిర్‌లైన్స్ మధ్య పోటీ ఎక్కడ ఉంటే ధర అక్కడ దిగుతుంది. కరీబియన్‌లో అలాంటి ఎయిర్‌పోర్ట్‌లు కొన్నే: ప్యూర్టోరికోలో సాన్ హువాన్, డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా, సాంటో డొమింగో, జమైకాలో మాంటెగో బే, బహామాస్‌లో నాసౌ. వీటి తర్వాత అరూబా, సెయింట్ మార్టెన్, సెయింట్ థామస్.

ఆంగ్విలా, సెయింట్ బార్ట్స్, నెవిస్, బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ వంటి చిన్న దీవులకు నేరుగా టికెట్ వెతికితే ధర గుండె ఆపేస్తుంది. కానీ వీటికి పక్కనే ఒక పెద్ద దీవి ఉంటుంది, మధ్యలో ఫెర్రీ ఉంటుంది. ఈ జోడీలు గుర్తుపెట్టుకోండి.

- సెయింట్ మార్టెన్‌లో దిగితే ఆంగ్విలా. దీవిలో ఫ్రెంచ్ పాలన ఉన్న వైపు మారిగో నుంచి ఫెర్రీలో అరగంట లోపే. సెయింట్ బార్ట్స్‌కి కూడా ఇక్కడి నుంచే ఫెర్రీ; ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఆ దారిలో సముద్రం బాగా ఊపేస్తుంది, వాంతుల మాత్ర ముందే వేసుకోండి.
- సెయింట్ థామస్‌లో దిగితే సెయింట్ జాన్. రెడ్ హుక్ నుంచి సుమారు 20 నిమిషాలు. సెయింట్ జాన్‌కి ఎయిర్‌పోర్టే లేదు. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లోని టోర్టోలాకి ఫెర్రీలో సుమారు గంట. టోర్టోలా బ్రిటిష్ భూభాగం కాబట్టి పాస్‌పోర్ట్, ప్రవేశ నిబంధనలు వేరు.
- సాన్ హువాన్‌లో దిగితే వియెకెస్, కులెబ్రా. ఫెర్రీ బయల్దేరేది సాన్ హువాన్ నుంచి కాదు, గంటకు పైగా దూరంలో ఉన్న సెయిబా నుంచి. టికెట్ కొద్ది డాలర్లే కానీ వారాంతాల్లో ముందే అయిపోతాయి.
- సెయింట్ కిట్స్‌లో దిగితే నెవిస్. బాసెటేర్ నుంచి చార్ల్స్‌టౌన్‌కి ఫెర్రీ.
- గ్వాదలూప్ లేదా మార్టినిక్‌లో దిగితే డొమినికా. ఫెర్రీ ప్రతిరోజూ ఉండదు. ముందు ఫెర్రీ రోజులు చూసి, వాటికి తగ్గట్టు ఫ్లైట్ తేదీలు వేసుకోవాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే, కానీ ఖరీదైనది. ఫ్లైట్ దిగే టైమ్‌కి చివరి ఫెర్రీ వెళ్లిపోయి ఉంటుంది. సాయంత్రం దిగే టికెట్ 60 డాలర్లు తక్కువ అని కొంటారు, ఆ రాత్రి హోటల్‌కి 180 కడతారు. సెయింట్ బార్ట్స్ రన్‌వే అయితే చీకటి పడ్డాక పనిచేయదు, కాబట్టి చిన్న విమానమూ దొరకదు. ఫెర్రీ దిగాల్సిన దీవి అయితే, మధ్యాహ్నం రెండు లోపు దిగే ఫ్లైట్లనే ఫిల్టర్‌లో పెట్టుకోండి.

ఒకే దేశంలో రెండు ఎయిర్‌పోర్ట్‌లు ఉన్నచోట రెండూ చూడాలి. జమైకాలో ఓచో రియోస్‌కి మాంటెగో బే నుంచే వెళ్లాలని లేదు. కింగ్‌స్టన్ నుంచి టోల్ హైవే మీదుగా కూడా దాదాపు అంతే సమయం. పుంటా కానా ధర పెరిగినప్పుడు సాంటో డొమింగో చూడండి, అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు రెండు గంటలు. సెయింట్ లూసియాలో మాత్రం జాగ్రత్త. పెద్ద విమానాలు దిగే హ్యూనోరా ఎయిర్‌పోర్ట్ దీవికి దక్షిణ కొసన ఉంది. హోటళ్లు ఎక్కువగా ఉన్న ఉత్తర భాగానికి గంటన్నర ఘాట్ రోడ్డు. ఆ టాక్సీ ఖర్చు టికెట్ లెక్కలో కలపండి.

రెండు మూడు దీవులు చుట్టేయాలనే ఆలోచన ఉంటే, ఒక సంగతి ముందే తెలుసుకోండి. దీవి నుంచి దీవికి విమానం దగ్గరే అయినా చవక కాదు. పన్నులు, ఎయిర్‌పోర్ట్ రుసుములు ప్రతి టికెట్ మీదా పడతాయి, విమానాలు చిన్నవి, పోటీ తక్కువ. అరగంట ప్రయాణానికి మయామీ నుంచి వచ్చినంత ఖర్చయ్యే సందర్భాలు ఉంటాయి. ఫెర్రీ ఉన్న జోడీని ఎంచుకోవడం మేలు.

## 4. ఎక్కడి నుంచి బయల్దేరాలి?

మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ కరీబియన్‌కి పెద్ద గేట్లు. మయామీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి స్థావరం. ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి జెట్‌బ్లూ వంటివి ఎక్కువగా తిరుగుతాయి. ఈ రెండు ఎయిర్‌పోర్ట్‌ల మధ్య దూరం 50 కిలోమీటర్ల లోపే కాబట్టి సెర్చ్‌లో ఎప్పుడూ రెండూ కలిపి పెట్టండి. న్యూయార్క్ ప్రాంతం, ఓర్లాండో, అట్లాంటా, షార్లెట్, హ్యూస్టన్ నుంచి కూడా నాన్‌స్టాప్‌లు బాగానే ఉంటాయి.

మీ ఊరి నుంచి ధర మరీ ఎక్కువగా ఉంటే, ఫ్లోరిడా దాకా ఒక టికెట్, అక్కడి నుంచి దీవికి ఇంకో టికెట్ తీసుకోవచ్చు. ఈ పద్ధతి పనిచేస్తుంది కానీ షరతులు ఉన్నాయి. 8వ భాగంలో చూడండి. ఇద్దరు ముగ్గురు ప్రయాణిస్తూ మనిషికి 100 డాలర్లకన్నా తక్కువ మిగిలితే ఆ తలనొప్పి పెట్టుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

## 5. వెతికే పద్ధతి

గూగుల్ ఫ్లైట్స్‌తో మొదలుపెట్టండి. వేగంగా ఉంటుంది, క్యాలెండర్ బాగుంటుంది.

1. బయల్దేరే చోట మీకు అందుబాటులో ఉన్న ఎయిర్‌పోర్ట్‌లన్నీ ఇవ్వండి. ఒకేసారి 7 దాకా తీసుకుంటుంది.
2. చేరే చోట "కరీబియన్" అని టైప్ చేసి ఎక్స్‌ప్లోర్ మ్యాప్ తెరవండి. తేదీలు ఇవ్వకుండా నెల, "ఒక వారం" ఎంచుకోండి. ఏ దీవి ధర దిగి ఉందో మ్యాప్ మీదే కనబడుతుంది.
3. అందులోంచి మూడు దీవులు ఎంచుకోండి. నాలుగోదాని జోలికి పోవద్దు, పోలిక గందరగోళం అవుతుంది.
4. ఒక్కోదానికి డేట్ గ్రిడ్ తెరవండి. వెళ్లే రోజు, వచ్చే రోజు మార్చినకొద్దీ ధర ఎలా కదులుతోందో చూడండి. శనివారం నుంచి శనివారం దాకా వేసుకునేవారే ఎక్కువ, అందుకే ఆ గడుల్లో ధర ఎక్కువ. మంగళ, బుధవారాలు సాధారణంగా తక్కువ.
5. స్టాప్స్ ఫిల్టర్‌లో "ఒకటి లేదా తక్కువ" పెట్టండి. బ్యాగుల ఫిల్టర్‌లో క్యాబిన్ సూట్‌కేసు కలపండి. అప్పటిదాకా అన్నిటికన్నా చవకగా కనిపించిన టికెట్ చాలాసార్లు కిందికి జారిపోతుంది.
6. నచ్చిన ఒకటి రెండు మార్గాలకి ప్రైస్ ట్రాకింగ్ ఆన్ చేయండి. తేదీలు ఖరారు కాకపోతే "ఏ తేదీలైనా" అన్నది ఎంచుకోండి.
7. అదే మార్గాన్ని స్కైస్కానర్‌లో లేదా కయాక్‌లో ఒకసారి, ఎయిర్‌లైన్స్ సొంత వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూడండి. దీవుల మధ్య తిరిగే చిన్న ఎయిర్‌లైన్స్ ఫ్లైట్లు కొన్ని పెద్ద సెర్చ్ ఇంజన్లలో కనబడవు. వాటిని నేరుగా వాళ్ల సైట్‌లోనే చూడాలి.

నలుగురైదుగురు వెళ్తుంటే ఇంకో మెట్టు ఉంది. ముందు ఒక్కరికి వెతకండి, తర్వాత అందరికీ కలిపి వెతకండి. తక్కువ ధర సీట్లు మూడే మిగిలి ఉన్నప్పుడు నలుగురికి అడిగితే, సిస్టమ్ నలుగురినీ కలిపి పై ధరలోకి తోసేస్తుంది. ఉదాహరణకి మూడు సీట్లు 240 డాలర్లకి ఉండి, తర్వాతి ధర 310 అనుకుందాం. కలిపి కొంటే 1,240. ముగ్గురికి ఒక బుకింగ్, ఒకరికి విడిగా కొంటే 1,030. తేడా 210 డాలర్లు. అయితే పిల్లల్ని పెద్దవాళ్ల బుకింగ్‌లోనే ఉంచాలి. ఫ్లైట్ రద్దయితే రెండు బుకింగ్‌లని వేర్వేరు ఫ్లైట్లలోకి మార్చే అవకాశం ఉంటుంది, అది కూడా ఆలోచించుకోండి.

ఇన్‌కాగ్నిటో విండోలో వెతికితే ధర తగ్గుతుందని, మంగళవారం అర్ధరాత్రి కొంటే చవకని చెప్పే చిట్కాల మీద సమయం పెట్టకండి. ధర మారేది సీట్లు అమ్ముడయ్యే తీరుని బట్టి.

## 6. అసలు ధర లెక్క

తెర మీద కనిపించే అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మనిషికి ఈ కూడికలు వేయండి.

- టికెట్ ధర, పన్నులతో
- క్యాబిన్ సూట్‌కేసు, రానూ పోనూ
- చెక్-ఇన్ బ్యాగు, రానూ పోనూ
- సీటు ఎంపిక, రానూ పోనూ
- ఇంటి దగ్గర ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ లేదా క్యాబ్
- దీవిలో టాక్సీ లేదా ఫెర్రీ
- టైమింగ్ వల్ల పడే అదనపు హోటల్ రాత్రి

లెక్క చూపడానికి ఊరికే కొన్ని అంకెలు వేసుకుందాం. మొదటి టికెట్ రానూ పోనూ 210 డాలర్లు. క్యాబిన్ సూట్‌కేసుకి ఒక వైపు 55, సీటుకి 18. రెండు వైపులా కలిపితే 210 + 110 + 36 = 356. రెండో టికెట్ 295, అందులో క్యాబిన్ సూట్‌కేసు, సీటు ఉన్నాయి. ఇద్దరికీ కలిపి ఒక చెక్-ఇన్ బ్యాగు, ఒక వైపు 40; మనిషి వాటా రెండు వైపులా 40. మొత్తం 335. సెర్చ్‌లో 85 డాలర్లు ఎక్కువగా కనిపించిన టికెట్టే చవక, పైగా బ్యాగు అదనం.

సౌత్‌వెస్ట్‌లో రెండు బ్యాగులు ఉచితం అన్న పాత లెక్క వేసుకునేవారు ఇంకా ఉన్నారు. 2025 మే 28 నుంచి బుక్ చేసిన మామూలు టికెట్లకి ఆ సౌకర్యం పోయింది.

బేసిక్ ఎకానమీ (అన్నిటికన్నా చవక, షరతులు ఎక్కువ ఉన్న టికెట్) విషయంలో నియమాలు ఎయిర్‌లైన్స్‌ని బట్టి, మార్గాన్ని బట్టి మారతాయి. కొన్నిటిలో క్యాబిన్ సూట్‌కేసు కూడా రాదు, గేటు దగ్గర పట్టుకుంటే మామూలుకన్నా ఎక్కువ వసూలు చేస్తారు. దీవుల మధ్య తిరిగే చిన్న విమానాల్లో బరువు పరిమితి ఇంకా తక్కువ. ప్రయాణం మొత్తంలో ఏ అంచెలో పరిమితి అన్నిటికన్నా తక్కువో, సామాను దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

## 7. ఎప్పుడు కొనాలి?

ఆఫ్ సీజన్‌కి ఒకటి నుంచి మూడు నెలల ముందు. పీక్ సీజన్‌కి మూడు నుంచి ఆరు నెలల ముందు. క్రిస్మస్ వారానికైతే తేదీలు అమ్మకానికి వచ్చినప్పటి నుంచే గమనించండి, అక్కడ ధర దిగడం అరుదు. చివరి నిమిషంలో పడిపోతుందని కాచుకు కూర్చునే వ్యూహం విడి టికెట్లకి దాదాపు పనిచేయదు. ఫ్లైట్, హోటల్ కలిపిన ప్యాకేజీలకి కొన్నిసార్లు పనిచేస్తుంది, ముఖ్యంగా పుంటా కానా వంటి రిసార్ట్ ప్రాంతాలకి. అందుకే విడి టికెట్ కొనేముందు అదే తేదీలకి ప్యాకేజీ ధర ఒకసారి చూడండి. ఫ్లైట్ ఒక్కదానికన్నా కాస్తే ఎక్కువగా ఉన్న ప్యాకేజీలూ కనబడతాయి.

కొన్నాక కూడా పని మిగిలే ఉంటుంది. అమెరికన్, డెల్టా, యునైటెడ్ వంటి ఎయిర్‌లైన్స్‌లో బేసిక్ కాని ఎకానమీ టికెట్లకి మార్పు రుసుము లేదు. కాబట్టి ట్రాకింగ్ ఆపకండి. మీ ఫ్లైట్ ధరే తర్వాత దిగితే, అదే ఫ్లైట్‌కి మార్చుకుని తేడాని ట్రావెల్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. బేసిక్‌కి, మామూలు ఎకానమీకి 30, 40 డాలర్లే తేడా ఉంటే మామూలుది కొనమని చెప్పేది ఇందుకే. క్రెడిట్ గడువు మాత్రం చూసుకోండి.

అమెరికా నుంచి బయల్దేరే లేదా అమెరికాకి వచ్చే ఫ్లైట్‌కి, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్స్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని పూర్తి డబ్బు వెనక్కి తీసుకునే వీలుంటుంది. దీన్ని ఇలా వాడండి.

1. మంచి ధర కనిపించగానే ఎయిర్‌లైన్స్ సైట్‌లో కొనేయండి.
2. ఆ 24 గంటల్లో సెలవు, హోటల్, ఫెర్రీ సమయం, వీసా అన్నీ సరిచూడండి.
3. ఏదైనా కుదరకపోతే రద్దు చేయండి. గడువుకి రెండు గంటల ముందు మోగేలా అలారం పెట్టుకోండి.

మధ్యవర్తి వెబ్‌సైట్‌లో కొంటే ఈ నియమం వాళ్లని కట్టడి చేయదు. వాళ్ల షరతులు వేరు. 12 డాలర్లు మిగుల్చుకోవడానికి మధ్యవర్తి దగ్గర కొని, ఫ్లైట్ రద్దయిన రోజు ఎయిర్‌లైన్స్ కౌంటర్‌లో "మీరు కొన్నచోటే అడగండి" అనిపించుకోవడం ఏం బేరం?

## 8. రెండు వేర్వేరు టికెట్లు కొంటే

మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో ఎయిర్‌లైన్స్‌కి బాధ్యత లేదు. ఆ టికెట్ పోయినట్టే, దానితోపాటు తిరుగు ప్రయాణం కూడా రద్దవుతుంది. అందుకే వెళ్లేటప్పుడు రెండింటి మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. ముందురోజు రాత్రికే ఫ్లోరిడా చేరడం ఇంకా మంచిది.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు. అమెరికాలో దిగిన మొదటి ఎయిర్‌పోర్ట్‌లోనే ఇమిగ్రేషన్ దాటాలి, బ్యాగు తీసుకోవాలి, కస్టమ్స్ అయ్యాక మళ్లీ ఇవ్వాలి. ఒకే టికెట్ మీద కనెక్షన్ అయినా ఇది తప్పదు. ఒకే టికెట్‌కి రెండు గంటలు, వేర్వేరు టికెట్లకి నాలుగు గంటలు ఉంచుకోండి.

అరూబా, నాసౌలలో ఈ బెడద లేదు. అక్కడి ఎయిర్‌పోర్ట్‌లోనే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముందే పూర్తిచేసే ప్రీక్లియరెన్స్ ఉంది. అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగి నేరుగా బయటికి నడవొచ్చు. వేర్వేరు టికెట్ల మీద వెళ్లేవారికి ఈ రెండూ అనుకూలం. బదులుగా తిరుగు ప్రయాణం రోజు అక్కడి ఎయిర్‌పోర్ట్‌కి 3 గంటల ముందే చేరాలి, మధ్యాహ్నం వేళ క్యూలు పొడవుగా ఉంటాయి.

సాన్ హువాన్ నుంచి వచ్చేది దేశీయ ప్రయాణమే అయినా, సామానుకి వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుంది. పండ్లు, మొక్కలు పెట్టుకోకండి. సెయింట్ థామస్ నుంచి బయల్దేరేటప్పుడు సరిహద్దు అధికారులు పత్రాలు చూస్తారు. వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్ట్, అనుమతి పత్రాలు వెంట పెట్టుకోవాలి.

## 9. అమెరికా బయటి నుంచి వచ్చేవారికి

మొదటి నియమం: అమెరికాలో ట్రాన్సిట్ లాంజ్‌లో కూర్చుని ముందుకి వెళ్లిపోయే ఏర్పాటు లేదు. మయామీలో రెండు గంటలు ఆగి ఫ్లైట్ మారాలన్నా అమెరికా వీసా, అర్హులైతే ఈస్టా (కొన్ని దేశాల పౌరులకి వీసా బదులు ఇచ్చే ఆన్‌లైన్ అనుమతి) ఉండాలి. సెర్చ్‌లో చవకగా కనిపించే మార్గాల్లో ఎక్కువ భాగం అమెరికా మీదుగానే వెళ్తాయి కాబట్టి, వీసా లేనివారు కనెక్షన్ ఎయిర్‌పోర్ట్‌ల ఫిల్టర్‌లో వాటిని తీసేయాలి.

మిగిలే దారులు ఇవి.

- ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా అరూబా, కురసావ్, బొనేర్, సెయింట్ మార్టెన్.
- పారిస్ మీదుగా గ్వాదలూప్, మార్టినిక్. పోటీ ఎక్కువ ఉన్న మార్గం, యూరప్ నుంచి ఇదే తరచూ చవక.
- లండన్ మీదుగా బార్బడోస్, ఆంటిగ్వా, జమైకా.
- మాడ్రిడ్ మీదుగా సాంటో డొమింగో.
- పనామా సిటీ మీదుగా కోపా ఎయిర్‌లైన్స్‌లో డొమినికన్ రిపబ్లిక్, జమైకా, అరూబా, కురసావ్, ట్రినిడాడ్ తదితర చోట్లకి.

పారిస్‌లో ఒక ఉచ్చు ఉంది. దూరం నుంచి వచ్చే ఫ్లైట్లు ఎక్కువగా చార్ల్స్ ద గాల్‌లో దిగుతాయి. ఆ దీవులకి వెళ్లే ఎయిర్ కరాయీబ్, కోర్సైర్ ఎయిర్‌లైన్స్ బయల్దేరేది పారిస్‌లోని ఇంకో ఎయిర్‌పోర్ట్ ఓర్లీ నుంచి. ఎయిర్‌పోర్ట్ మారాలంటే ఊరు దాటి వెళ్లాలి, అంటే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి. పైగా గ్వాదలూప్, మార్టినిక్ ఫ్రాన్స్‌వే అయినా షెంగెన్ ప్రాంతంలో లేవు. చేతిలో ఉన్న వీసా అక్కడ చెల్లుతుందో లేదో విడిగా సరిచూడాలి.

## 10. పాయింట్లు ఉంటే

నగదు ధర తక్కువగా ఉన్న మే, సెప్టెంబర్‌లలో ఎయిర్‌లైన్స్ లేదా క్రెడిట్ కార్డ్ పాయింట్లు ఖర్చు చేయకండి. పీక్ సీజన్‌కి దాచుకోండి. లెక్క సులువు: నగదు ధరలోంచి అవార్డ్ టికెట్ (పాయింట్లతో కొనే టికెట్) పన్నులు తీసేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. 420 డాలర్ల టికెట్‌కి 24,000 పాయింట్లు, 60 డాలర్ల పన్ను అడిగితే 360ని 24,000తో భాగించాలి. పాయింటుకి 1.5 సెంట్లు. ఒక సెంటు కన్నా తక్కువ వస్తే నగదుతోనే కొనండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

ఒన్‌వే టికెట్‌తో బయల్దేరడం. చాలా దీవులు తిరుగు లేదా తదుపరి ప్రయాణ టికెట్ అడుగుతాయి. అది చూపకపోతే ఎయిర్‌లైన్స్ చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తుంది. రెండు ఒన్‌వేలు వేర్వేరు ఎయిర్‌లైన్స్‌లో కొన్నవారు రెండోదాని ప్రింట్ చేతిలో ఉంచుకోవాలి.

హిడెన్ సిటీ టికెట్ ప్రయత్నం, అంటే ఇంకా ముందున్న ఊరికి చవక టికెట్ కొని కనెక్షన్ ఊళ్లోనే దిగిపోవడం. మధ్యలో దిగిపోతే మిగతా అంచెలన్నీ రద్దవుతాయి, చెక్-ఇన్ బ్యాగు చివరి ఊరికి వెళ్తుంది. రానూ పోనూ టికెట్‌లో అస్సలు చేయొద్దు.

పేరు తేడా. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, అసలు పేరు గడిలో అసలు పేరు ఉండాలి. తప్పు పడితే 24 గంటల్లోపు సరిచేయించడం సులువు, తర్వాత కష్టం.

నకిలీ ఎంట్రీ ఫారం సైట్లు. డొమినికన్ రిపబ్లిక్ ఈ-టికెట్, కురసావ్ డీఐ కార్డ్ ప్రభుత్వ సైట్లలో ఉచితం. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనలు డబ్బు అడుగుతాయి. అరూబా ఈడీ కార్డ్‌కి మాత్రం 20 డాలర్ల రుసుము నిజంగానే ఉంది.

షెడ్యూల్ మార్పు ఈమెయిల్ చదవకపోవడం. నెలల ముందు కొన్న టికెట్ల సమయాలు మారుతూనే ఉంటాయి. పెద్ద మార్పు వచ్చి మీకు కుదరకపోతే "అంగీకరిస్తున్నాను" నొక్కకండి. ఉచితంగా వేరే ఫ్లైట్ అడగండి. ఫ్లైట్ రద్దై మీరు ప్రయాణం మానుకుంటే వోచర్ బదులు డబ్బే అడిగే హక్కు ఉంది.

## 12. బయల్దేరే వారం చెక్‌లిస్ట్

- ఎయిర్‌లైన్స్ యాప్‌లో బుకింగ్ కోడ్‌తో ఫ్లైట్ సమయాలు మళ్లీ చూడటం
- తుఫాను సీజన్ అయితే అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ సూచన రోజూ చూడటం. ఎయిర్‌లైన్స్ ఉచిత మార్పు ప్రకటిస్తే వెంటనే తేదీ జరపడం
- దీవి ఎంట్రీ ఫారం నింపి, క్యూఆర్ కోడ్ ఫోన్‌లో ఫొటోగా దాచుకోవడం
- ఫెర్రీ సమయాలు ఆ వారానివే అని నిర్ధారించుకోవడం
- బ్యాగు కొలత, బరువు ఇంట్లోనే చూసి, అదనపు బ్యాగు అవసరమైతే ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టడం
- 24 గంటల ముందు ఆన్‌లైన్ చెక్-ఇన్. పత్రాల తనిఖీ కోసం కౌంటర్‌కి రమ్మని వస్తే ఎయిర్‌పోర్ట్‌కి ఇంకో అరగంట ముందు బయల్దేరడం